పాత కొలీగ్‌కు సిఫార్సు: లింక్డ్‌ఇన్, లెటర్, ఫోన్... ఏది మేలు?

పాత కొలీగ్ రికమండేషన్ అడిగితే ఏ రూపంలో ఇవ్వాలని చాలామంది అడుగుతున్నారు. ఈమధ్య నాకూ ఆ అవసరం వచ్చింది. మా యూనివర్సిటీలో మార్కెటింగ్, కమ్యూనికేషన్స్ విభాగాన్ని నడిపిన ఆమె, ఇప్పుడు మరో యూనివర్సిటీలో అదే హోదాకు అప్లై చేశారు.

లింక్డ్‌ఇన్‌లో రాయడం తేలిక. ఒకసారి రాస్తే ప్రొఫైల్‌లో ఉండిపోతుంది, ఇద్దరం ఏ హోదాల్లో కలిసి పనిచేశామో కూడా కనిపిస్తుంది. కానీ పాత యాజమాన్యం, పాత టీమ్ అందరూ చదువుతారు. దాంతో మన చేయి తెలియకుండానే పొగడ్తల దగ్గర ఆగిపోతుంది. ఇక 2012లో వచ్చిన ఎండార్స్‌మెంట్లు, అంటే ప్రొఫైల్‌లోని నైపుణ్యాలకు మనం వేసే ఆమోద ముద్రలు, ఒక్క క్లిక్కు పని, వాటిని ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

సెలక్షన్ కమిటీ ఉన్నచోట లెటర్‌కు విలువ ఎక్కువ. సభ్యులందరూ ఒకే మాట చదువుతారు, ఫైల్లో ఉంటుంది. అయితే అంకెల దగ్గర జాగ్రత్త. యూనివర్సిటీకి విద్యార్థుల అప్లికేషన్లు పెరిగితే ఆ ఘనత మొత్తం మార్కెటింగ్‌ది కాదు. ఫీజులు, కొత్త కోర్సులు, ప్లేస్‌మెంట్లు, ర్యాంకింగ్ అన్నీ కలిస్తేనే ఆ అంకె. అంతా ఆమె ఖాతాలో వేస్తే, అడ్మిషన్ల సంగతి తెలిసిన సభ్యుడు మిగతా లెటర్‌ను కూడా నమ్మడు.

నా ఓటు మాత్రం ఫోన్‌కే. కారణం ఈ ఉద్యోగంలోనే ఉంది. కమ్యూనికేషన్స్ హెడ్ చేసే మంచి పనిలో సగం, వార్త కాకుండా ఆగిపోయినదే. దాన్ని పబ్లిక్‌గా ఎలా రాస్తాం? ఒకసారి అడ్మిషన్ల వేళ వెబ్‌సైట్‌లో ఫీజు వివరం తప్పు పడింది. పేజీని గుట్టుగా మార్చేద్దామన్నారు కొందరు. ఆమె ఒప్పుకోలేదు. ముందు హెల్ప్‌లైన్‌లో కూర్చున్నవాళ్లకు ఏం చెప్పాలో కాగితం మీద రాసిచ్చారు, ఆ తర్వాతే సవరణను సమయంతో సహా పేజీ పైభాగంలో పెట్టించారు. తల్లిదండ్రులు ఫోన్ చేసేసరికి అందరి దగ్గరా ఒకటే జవాబు. ఇదే లింక్డ్‌ఇన్‌లో అయితే "ఒత్తిడిలోనూ చక్కగా పనిచేస్తారు" అని తేలిపోతుంది.

పైగా ఫోన్‌లో అవతలివాళ్లు ఎదురు ప్రశ్న వేయగలరు. "డీన్లతో గొడవ వస్తే ఎలా సర్దుకుంటారు?" అని నన్ను అడిగారు. ఆమె ఎక్కడ పట్టుబట్టేవారో, ఎక్కడ వదిలేసేవారో చెప్పాను. ప్రెస్ నోట్లు తనే తిరగరాస్తూ కూర్చునే అలవాటుందనీ దాచలేదు. ఆ ఒక్క మాట చెప్పాకే మిగతా మెప్పును వాళ్లు నమ్మినట్టు అనిపించింది.

ఫోన్‌కు ఒప్పుకునే ముందు ఉద్యోగ ప్రకటన తెప్పించుకుని చదవండి. ఏ విషయం బయటకు రాకూడదో ఆమెనే అడగండి, సంస్థ గుట్టు అసలే వద్దు. లింక్డ్‌ఇన్‌లో కూడా నాలుగు వాక్యాలు రాయండి, కాల్ దాకా రావడానికి అవి పనికొస్తాయి. కమిటీ అడిగితేనే లెటర్.