పొరపాటుకు చోటివ్వని బిల్లింగ్ సాఫ్ట్‌వేర్

బేగంబజారులోని మా స్టీలు సామాన్ల హోల్‌సేల్ కొట్టులో ఆరు నెలలుగా ఒక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాము. వేగం బాగుంది, జీఎస్టీ లెక్కలు సరిగ్గానే వస్తున్నాయి. నా అభ్యంతరమంతా మనిషి పొరపాటు పడతాడన్న సంగతిని అది లెక్కలోకి తీసుకోకపోవడంపైనే.

గత నెలలో కొట్టు కిటకిటలాడుతున్న వేళ మా గుమాస్తా 12 గిన్నెలను 340 రూపాయల చొప్పున అమ్మి, గడులు రెండూ పక్కపక్కనే ఉండడంతో 340 గిన్నెలు 12 రూపాయల చొప్పున అని నమోదు చేశాడు. మొత్తం ఎటూ 4,080 రూపాయలే కనుక ఎవరికీ అనుమానం రాలేదు, నిల్వ మాత్రం మైనస్‌లోకి పోయింది. 2005 డిసెంబరులో టోక్యో స్టాక్ ఎక్స్ఛేంజిలో జరిగిందీ ఇదే: ఒక షేరును 6,10,000 యెన్లకు అమ్మవలసిన మిజుహో సెక్యూరిటీస్ అనే షేర్ల బ్రోకరేజి సంస్థ, 6,10,000 షేర్లను ఒక్కో యెన్‌కు అమ్మకానికి పెట్టింది; తెరపై హెచ్చరిక వచ్చినా ఆర్డరు ఆగలేదు.

మా సాఫ్ట్‌వేర్ కూడా ప్రతి బిల్లుకూ ‘ఖాయమేనా?’ అని అడుగుతుంది. రోజుకు రెండు వందల సార్లు అడిగితే వేలు దానంతటదే ఎంటర్ నొక్కేస్తుంది, నా వేలు కూడా అంతే. కొన్న ధర కంటే తక్కువకో, నిల్వను మించియో అమ్ముతున్నప్పుడు మాత్రమే అడిగితే ఆ ప్రశ్నకు విలువ ఉండేది.

రద్దు చేసిన బిల్లు చెరిగిపోకుండా, ఎవరు ఎప్పుడు రద్దు చేశారో చూపుతూ అక్కడే ఉండడం మాత్రం మెచ్చుకోదగినది. కంపెనీకి ఫోన్ చేస్తే గుమాస్తాకు శిక్షణ ఇప్పించమన్నారు. అయిదుకు మూడు నక్షత్రాలు.