కార్డు మిషన్ కంప్యూటర్‌కు కలపాలా, విడిగా ఉంచాలా? బట్టల కొట్టుకు ఏది మేలు?

విజయవాడ బీసెంట్ రోడ్డులో ఇరవై ఏళ్లుగా బట్టల వ్యాపారం చేస్తున్న షావుకారు గారొకరు గుంటూరు బ్రాడీపేటలో రెండో కొట్టు తెరవబోతూ నన్ను పిలిపించారు. బిల్లింగ్ కంప్యూటర్లు అమర్చడం, అవి ఆగిపోతే బాగుచేయడం నా వృత్తి.

"కార్డు మిషన్‌ను కంప్యూటర్‌కు కలిపేస్తే బిల్లు మొత్తం దానంతట అదే మిషన్‌లోకి వెళ్తుందట కదా బాబూ. కౌంటర్‌లో పిల్లలు అంకెలు తప్పు నొక్కే బాధ ఉండదు. దసరా రద్దీలో బిల్లుకు అర నిమిషం కలిసొచ్చినా చాలు. కలిపేద్దామా?" అని అడిగారు.

వద్దండీ అన్నాను. ఎందుకు వద్దో చెప్పడానికి ఒక సాయంత్రమంతా పట్టింది.

కార్డు వివరాలు దొంగిలించే గూఢచారి సాఫ్ట్‌వేర్ ఎలా పనిచేస్తుందో తెలియకపోతే నా మాట ఉత్త పిరికితనంలా వినిపిస్తుంది. అందుకని ఆయనకు ఇంద్రకీలాద్రి మీద జరిగే హుండీ లెక్కింపును గుర్తుచేశాను. హుండీలో ఉన్నంతసేపు కానుకలకు తాళం ఉంటుంది. బ్యాంకుకు వెళ్లేటప్పుడూ భద్రంగానే వెళ్తాయి. ఆ రెంటికీ మధ్య, లెక్కపెట్టడానికి కుమ్మరించినప్పుడు మాత్రం ప్రతి నోటూ కంటికి కనబడుతుంది. అందుకే అక్కడ కాపలా ఎక్కువ. పాత పద్ధతిలో కంప్యూటర్ గుండా వెళ్లే కార్డు వివరాలదీ ఇదే దారి. డిస్కులో దాచినా, బ్యాంకుకు పంపినా సంకేతలిపిలోనే ఉండేటట్టు చూసుకుంటారు. బిల్లింగ్ ప్రోగ్రాం వాటిని అందుకుని సర్దే ఒక్క క్షణం మాత్రం కంప్యూటర్ మెమరీలో విప్పిన మూటలా పడి ఉంటాయి.

దొంగ సాఫ్ట్‌వేర్ కాచుకుని కూర్చునేది సరిగ్గా అక్కడే. మెమరీని అదేపనిగా జల్లెడ పడుతుంది. పదహారు అంకెల వరస దొరికితే అది ఏ బార్‌కోడో కాదని తేల్చుకోవడానికి ఒక చిన్న లెక్క వేస్తుంది. కార్డు నంబరులో చివరి అంకె మిగతా అంకెలను బట్టి వస్తుంది. ఐబీఎంలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ ఆ సూత్రాన్ని నంబర్లు రాసేటప్పుడు దొర్లే తప్పులు పట్టడానికి తయారుచేశాడు. దొంగలు దాన్ని సరుకు అసలుదో కాదో చూసుకునే గీటురాయిగా వాడుకుంటున్నారు. లెక్క కుదిరిన నంబర్లన్నీ ఒక ఫైలులో చేరతాయి, ఆ ఫైలు నెట్ దారిన బయటకు పోతుంది. కౌంటర్‌లో మాత్రం బిల్లు రోజూ వచ్చినట్టే వస్తుంది.

అమెరికాలోని టార్గెట్ దుకాణాల్లో 2013లో జరిగింది ఇదే. నవంబరు 27 నుంచి డిసెంబరు 15 దాకా, అక్కడి పండగ అమ్మకాల రోజుల్లో, దాదాపు 4 కోట్ల కార్డుల వివరాలు పోయాయి. దొంగలు లోపలికి రావడానికి వాడుకున్నది శీతలీకరణ పనులు చూసే ఒక గుత్తేదారు సంస్థ లాగిన్. మరుసటి ఏడాది హోమ్ డిపో దుకాణాల్లో 5.6 కోట్ల కార్డుల వివరాలు పోయాయి. అక్కడా తలుపు తెరిచింది బయటి సరఫరాదారు లాగినే.

"అవి వేల కౌంటర్లున్న సంస్థలు. రెండు కౌంటర్ల కొట్టు ఎవరి కంట్లో పడుతుంది?" అన్నారు షావుకారు గారు. చిన్న కొట్ల వాళ్లందరూ ఈ మాటే అంటారు. అందుకే 2014లో బయటపడిన బ్యాకాఫ్ అనే దొంగ సాఫ్ట్‌వేర్ సంగతి చెప్పాను. దాని వెనక ఉన్నవాళ్లు కొట్టు పేరు చూడలేదు. దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే రిమోట్ సాఫ్ట్‌వేర్ ఎక్కడ తెరిచి ఉందో నెట్‌లో వెతికి, పాస్‌వర్డ్ తగిలేదాకా ఊహించుకుంటూ పోయారు. అలా వెయ్యికి పైగా వ్యాపార సంస్థల్లోకి దూరారని అమెరికా సీక్రెట్ సర్వీస్ అంచనా వేసింది.

ఆ రిమోట్ సాఫ్ట్‌వేర్ విజయవాడ, గుంటూరు కొట్లలో పెట్టేది నాలాంటి వాళ్లమే. వన్ టౌన్ వస్త్రలతలో బిల్లు ఆగిపోతే నేను పటమట నుంచి బండి మీద చేరేసరికి గంట పడుతుంది. రిమోట్‌లో అయితే ఐదు నిమిషాలు. ఒకప్పుడు నా దగ్గర పదకొండు కొట్లకు ఒకటే పాస్‌వర్డ్ ఉండేది. అది నేను చేసిన తప్పు. ఆ పదకొండు కొట్లలో కార్డులు గీసిన జనం నన్నెప్పుడూ చూడలేదు, కానీ వాళ్ల డబ్బుకు నా అజాగ్రత్త కూడా ఒక కిటికీ అయింది. ఇప్పుడు కొట్టుకో పాస్‌వర్డ్ పెట్టాను. షావుకారు ఫోను చేసి తెరిస్తేనే నేను లోపలికి వెళ్తాను, పని కాగానే ఆయనే మూసేస్తారు.

మనవైపు ఇంకో అలవాటు కూడా ఉండేది. కొన్ని పెద్ద కొట్లలో కార్డును ముందు బ్యాంకు మిషన్‌లో గీసి, తర్వాత కీబోర్డు పైనున్న చీలికలో మరోసారి గీసేవారు. లెక్కలు సరిచూసుకోవడానికట. డబ్బు మొదటి గీతతోనే వచ్చేసింది. రెండో గీత చేసిందల్లా కార్డు వెనక ఉండే నల్లని అయస్కాంత చారలో ఉన్నదంతా బిల్లింగ్ కంప్యూటర్ చేతిలో పెట్టడం. ఇప్పటికీ ఎక్కడైనా అలా చేయబోతే కార్డు ఇవ్వకండి.

"ఇప్పుడన్నీ చిప్ కార్డులే కదా" అని ఆయన మళ్లీ అడ్డుతగిలారు. న్యాయమైన మాటే. పాత చార కార్డులను 2018 డిసెంబరు 31 లోగా చిప్ కార్డులుగా మార్చాలని రిజర్వు బ్యాంకు గడువు పెట్టింది. చారలో ఉండే వివరం ఎన్నిసార్లు గీసినా మారదు, కాబట్టి నకలు తీయవచ్చు. చిప్ మాత్రం ప్రతి కొనుగోలుకూ కొత్త సంకేతం పుట్టిస్తుంది, నిన్నటిది ఈరోజు చెల్లదు. అయినా కార్డు నంబరు, గడువు తేదీ చాలా సందర్భాల్లో చిప్ కార్డు నుంచి కూడా బయటకు వస్తాయి. మన దేశంలో ఓటీపీ అడ్డుపడుతుంది కానీ విదేశీ సైట్లన్నీ ఓటీపీ అడగవు. 2020 అక్టోబరు 1 తర్వాత ఇచ్చిన కార్డుల్లో విదేశీ వాడకాన్ని మనం అడిగి తెరిపించుకుంటే తప్ప పనిచేయదు. చాలా మంచి నియమం అది. ఎప్పుడో తెరిపించుకుని మరిచిపోయిన వాళ్లు ఈరోజే మూసేయాలి.

నన్ను నిజంగా భయపెట్టింది బ్రెజిల్‌లో పుట్టిన ప్రిలెక్స్ అనే దొంగ సాఫ్ట్‌వేర్. కంప్యూటర్‌కు, దానికి కలిపిన కార్డు మిషన్‌కు మధ్య అది తిష్ఠ వేస్తుంది. కార్డును తాకించి చెల్లించే పద్ధతిలో దొంగకు పనికొచ్చే సమాచారం సరిగా దొరకదు. అందుకని ఆ పద్ధతినే అడ్డుకుని, కార్డును లోపల పెట్టమని మిషన్ మీద సందేశం చూపిస్తుందని కంప్యూటర్ భద్రతా సంస్థ కాస్పర్‌స్కీ పరిశోధకులు 2023లో వెల్లడించారు. దాన్ని కొట్లలోకి ఎక్కించిన తీరు ఇంకా దారుణం. "సాఫ్ట్‌వేర్ కొత్తది వేయాలి" అంటూ మెకానిక్ పేరుతో ఫోను చేసేవారు, లేదా మనిషే వచ్చేవాడు. పండగ రద్దీలో అలాంటి ఫోను వస్తే మన కౌంటర్ పిల్లలు ఏమి చేస్తారో నాకు తెలుసు.

ఇక విడి మిషన్. సిమ్ కార్డుతో నడుస్తుంది, నేరుగా బ్యాంకుతోనే మాట్లాడుతుంది. కొట్టు కంప్యూటర్‌లో ఎంతమంది దొంగలు దూరినా వాళ్లకు కార్డు నంబరు దొరకదు, ఎందుకంటే అది అక్కడికి రానే రాదు. నా దృష్టిలో దీన్ని మించిన రక్షణ లేదు. పిన్ నొక్కే ఆ పెట్టెను విప్పబోతే లోపలున్న సంకేతలిపి తాళంచెవులు వాటంతట అవే చెరిగిపోయేలా తయారుచేస్తారు. అయితే మిషన్‌నే మార్చేసే దొంగలున్నారు. కాబట్టి వెనక ఉన్న సీరియల్ నంబరును పుస్తకంలో రాసుకుని రోజూ కొట్టు తెరవగానే చూసుకోవాలి. విడి మిషన్ పెడితే దేశంలో ఏ కార్డు వివరమూ పోదని నేను చెప్పను. 2016లో దాదాపు 32 లక్షల డెబిట్ కార్డులకు ముప్పు వచ్చింది బ్యాంకులకు ఏటీఎంలు నడిపే హిటాచీ పేమెంట్ సర్వీసెస్ వ్యవస్థల్లో దూరిన సాఫ్ట్‌వేర్ వల్ల. అక్కడ కొట్టువాడు చేయగలిగింది ఏమీ లేదు. మన చేతిలో ఉన్న తలుపు మనం వేసుకోవాలి.

కలిపిన మిషన్‌కు నేను ఒప్పుకునే సందర్భం ఒకటుంది. కార్డు వివరాలు మిషన్ లోపలే సంకేతలిపిలోకి మారాలి, దాన్ని విప్పే తాళంచెవి కంప్యూటర్‌లో ఉండకూడదు. అప్పుడు కంప్యూటర్‌కు తెలిసేది బిల్లు మొత్తం, కార్డు చివరి నాలుగు అంకెలు, అంతే. అమ్మేవాళ్లను ఈ మాట కాగితం మీద రాసివ్వమని అడగండి. షావుకారు గారికి మిషన్ ఇవ్వడానికి వచ్చిన మనిషి నోటితో అంతా భద్రమన్నాడు కానీ రాసివ్వలేదు.

బ్యాంకు రుసుములో ఈ రెంటికీ తేడా లేదు. డెబిట్ కార్డు మీద బ్యాంకు తీసుకునే రుసుము ఏడాది అమ్మకాలు 20 లక్షలు దాటని వ్యాపారికి 0.40 శాతం, దాటితే 0.90 శాతం మించకూడదు. మిషన్ కలిపారా లేదా అన్నదానితో దానికి సంబంధం లేదు. రూపే డెబిట్ కార్డుకూ, యూపీఐకీ 2020 జనవరి 1 నుంచి ఆ రుసుము కూడా లేదు.

యూపీఐ క్యూఆర్ కోడ్ విషయంలో ఈ గూఢచారి సాఫ్ట్‌వేర్‌కు పని లేదు. కార్డు నంబరు ఉండదు, పిన్ కొనేవారి ఫోనులోనే నొక్కుతారు. అక్కడి మోసాలు వేరు. రాత్రిపూట మన స్టిక్కర్ మీద తమ స్టిక్కర్ అంటిస్తారు, డబ్బు పంపినట్టు దొంగ స్క్రీన్ చూపిస్తారు. సౌండ్ బాక్స్ పలికితేనే సంచి ఇవ్వాలి. జాకెట్టు ముక్కలకు, తువ్వాళ్లకు ఇదే మేలు. పెళ్లి పట్టుచీరల బిల్లు లక్ష దాటితే సాధారణ యూపీఐ పరిమితి సరిపోదు, అక్కడ కార్డు కావాల్సిందే. నగదు సంగతి షావుకారు గారికి నేను చెప్పాల్సిన పని లేదు.

కార్డు ఉన్న ప్రతి ఒక్కరికీ ఒక మాట. మీ ప్రమేయం లేకుండా, బ్యాంకు బయట జరిగిన లోపం వల్ల డబ్బు పోతే, బ్యాంకు సమాచారం అందాక మూడు పనిదినాల్లో తెలియజేస్తే నష్టం మీది కాదని రిజర్వు బ్యాంకు 2017లో నియమం పెట్టింది. బ్యాంకుతో పాటు సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి కూడా ఫోను చేయండి.

బ్రాడీపేట కొట్టులో చివరకు సిమ్ ఉన్న విడి మిషన్లు రెండు, కౌంటర్‌కో క్యూఆర్ కోడ్ పెట్టారు. మిషన్ చీటీని బిల్లు నకలుకు పిన్ను కొట్టి ఉంచమన్నాను. తెరిచిన మొదటి రోజు రాత్రి లెక్కలో 90 రూపాయలు తేడా వచ్చింది. అంకెలు తప్పు నొక్కుతారని షావుకారు గారు మొదటే భయపడ్డారు కదా, నా వైపు చూశారు. బీసెంట్ రోడ్డు కొట్టు నుంచి వచ్చిన పెద్ద గుమస్తా గారు మాత్రం తేడా తొమ్మిదితో నిశ్శేషంగా పోతోందంటే పక్కపక్క అంకెలు తారుమారై ఉంటాయన్నారు. చీటీలు తిరగేసి ఇరవై నిమిషాల్లో పట్టుకున్నారు. బిల్లు 1,540, మిషన్‌లో నొక్కింది 1,450.