మైకు ముందు మన పిల్లలు: క్రైస్తవ రేడియో అనౌన్సర్ల శిక్షణ కోర్సు ఎలా ఉంది?

మా చిన్న క్రైస్తవ ఎఫ్ఎమ్ స్టేషన్‌లో కార్యక్రమాల బాధ్యత నాది. కొత్త అనౌన్సర్లు తయారవ్వాలని ఈమధ్య మా యువతలో కొందరిని ఒక శిక్షణ కోర్సులో చేర్పించాం. ఆన్‌లైన్ క్లాసులన్నీ వాళ్ళతోపాటు నేనూ కూర్చుని విన్నాను. స్టూడియోలో జరిగిన ప్రాక్టికల్స్‌కీ వెళ్ళాను. తమ పిల్లల్ని ఇలాంటి కోర్సుకు పంపాలా వద్దా అని ఆలోచిస్తున్న స్టేషన్ల వాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను. నా మాట ముందే చెప్పేస్తాను. తప్పకుండా పంపండి, ముఖ్యంగా ఎయిర్‌చెక్ కోసం, అంటే అనౌన్సర్ తన మాటల రికార్డింగును ట్రైనర్‌తో కూర్చుని విని దిద్దుకునే పద్ధతి కోసం పంపండి. యాస గురించి వాళ్ళు చెప్పే పాఠాన్ని మాత్రం మీ పిల్లలు నమ్మకుండా చూసుకోండి.

అసలు ఈ ఖర్చు, ఈ శ్రమ ఎందుకని మా కమిటీలోనే ఒకరు అడిగారు. పెద్ద నెట్‌వర్క్ నుంచి శాటిలైట్ ఫీడ్ తీసుకుంటే 24 గంటలూ మంచి పాటలు, మంచి వర్తమానాలు (వాక్య ప్రసంగాలు), ఎక్కడా తడబడని గొంతులు వస్తాయి కదా అన్నారు. నిజమే, వస్తాయి. వాటివల్ల ఆదరణ పొందినవాళ్ళు నాకు తెలుసు కాబట్టి నేను వాటిని తక్కువ చేయను. కానీ ఆ దారిలో వెళ్తే స్టేషన్‌లో చివరికి మనుషులే ఉండరు. అమెరికాలో రేడియో స్టేషన్ ఏ ఊరి పేరు మీద లైసెన్స్ తీసుకుంటే ఆ దగ్గర్లో స్టూడియో నడపాలని దశాబ్దాలపాటు నియమం ఉండేది. 2017లో అక్కడి ప్రసారాలను నియంత్రించే ఎఫ్‌సీసీ దాన్ని ఎత్తేసింది. ఇప్పుడు అక్కడ ఆ ఊళ్ళో స్టూడియో ఉండక్కర్లేదు, మాట్లాడే మనిషి ఎంత దూరంలో ఉన్నా చట్టానికి అభ్యంతరం లేదు. వాయిస్ ట్రాకింగ్, అంటే పాటల మధ్య మాటలను ముందే రికార్డు చేసుకునే పద్ధతిలో నాలుగు గంటల షోకి కావాల్సిన మాటలన్నీ గంటలోపే రికార్డు చేసి పెట్టేయొచ్చు. ఇలా ఖర్చు తగ్గుతుంది. పెద్ద గాలివాన వచ్చి కరెంటు పోయిన రాత్రి ఏ చర్చి తలుపులు తెరిచి ఉన్నాయో మాత్రం ఆ రికార్డింగ్ చెప్పలేదు.

కోర్సు మొదటి క్లాసులో చరిత్ర చెప్పారు. పిల్లలు కాస్త విసుక్కున్నారు గానీ నాకు ఆ గంట బాగా నచ్చింది. 1931 క్రిస్మస్ రోజున ఈక్వడార్‌లోని కీటోలో హెచ్‌సీజేబీ అనే మిషనరీ రేడియో స్టేషన్ ప్రసారాలు మొదలయ్యాయి. మిషనరీ రేడియోకి అది తొలి పెద్ద అడుగు. తర్వాత షార్ట్‌వేవ్ మీద ఎన్నో దేశాలకు వినిపించిన ఆ స్టేషన్, కీటో కొత్త విమానాశ్రయం కారణంగా తన పెద్ద ఏంటెనాల స్థలాన్ని 2009లో మూసేసింది. అయితే అంతకు ముందునుంచే ఆ సంస్థ ఇంకో పని కూడా చేస్తూ వచ్చింది. వేరువేరు దేశాల్లో స్థానిక విశ్వాసులకు తోడుగా నిలిచి, వాళ్ళ ఊళ్ళలో వాళ్ళే నడుపుకునే చిన్న స్టేషన్లు పెట్టించింది. ఒక చోటినుంచి ప్రపంచమంతటికీ మాట్లాడిన సంస్థే, ప్రతి చోటా ఎవరి గొంతు వాళ్ళకు ఉండాలన్న పనికీ పూనుకుందన్నమాట. మా కమిటీ అడిగిన ప్రశ్నకు నేను చెప్పాలనుకున్న జవాబు ఆ క్లాసులో దొరికింది.

సాంకేతిక పాఠాలు బాగానే ఉన్నాయి. మైకుకి ఎంత దూరంలో కూర్చోవాలి, ‘ప’, ‘బ’, ‘ఫ’ పలికినప్పుడు గాలి కొట్టకుండా ముఖాన్ని కొంచెం పక్కకు ఎలా తిప్పాలి, హెడ్‌ఫోన్స్ వాల్యూమ్ ఎంత పెంచితే మైకు గీపెడుతుంది, మాట స్థాయి మీటర్‌లో ఎర్ర గీత తాకకుండా ఎలా చూసుకోవాలి లాంటివన్నీ చేయించి నేర్పారు. ఎడిటింగ్‌కి ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ వాడారు. చిన్న స్టేషన్లకు అది చాలు. వీటిని ఒకటికి రెండుసార్లు చేస్తే ఎవరికైనా వచ్చేస్తాయి.

అసలు కష్టం గొంతుతో వచ్చింది. మా పిల్లలందరూ సంఘంలో పెరిగినవాళ్ళు. ప్రార్థన నడిపిస్తారు, సాక్ష్యం చెబుతారు, ఆదివారం బడిలో పాఠాలు చెబుతారు. అందుకే మైకు కనిపించగానే వాళ్ళకు పుల్‌పిట్ గొంతు, అంటే చర్చి వేదిక మీద ప్రసంగించే గొంతు వచ్చేస్తుంది. మా కుర్రాడొకడు మామూలుగా చాలా మెల్లగా మాట్లాడతాడు. మైకు తెరిచినట్టు చూపే ఎర్ర దీపం వెలిగిందంటే చాలు, వెయ్యిమంది ముందు నిలబడ్డట్టు “ప్రియమైన సహోదర సహోదరీలారా” అని ఎత్తుకునేవాడు. వినేవాళ్ళలో ఒకామె వంటింట్లో ఉంటుంది, ఒకాయన బండి నడుపుతుంటాడు, ఒకరు ఆసుపత్రి మంచం మీద ఉంటారు. వెయ్యిమందీ ఒకచోట ఎప్పుడూ ఉండరు.

ట్రైనర్ వాడిని తప్పుపట్టలేదు, స్క్రిప్టు మాత్రం తీసేసుకున్నారు. ఎదురు కుర్చీలో ఇంకో అమ్మాయిని కూర్చోబెట్టి, “వచ్చేవారం యువజన కూడిక గురించి ఈ అమ్మాయికి చెప్పు. తనకి రావాలనిపించాలి” అన్నారు. వాడు చెప్పాడు. పాటలు ఎవరు నడిపిస్తారో, కిందటిసారి వాన పడితే అందరూ వరండాలో ఎలా ఇరుక్కుని కూర్చున్నారో, ఈసారి కొత్తగా వచ్చేవాళ్ళ కోసం ఏం చేస్తున్నారో నవ్వుతూ చెప్పుకొచ్చాడు. అదంతా రికార్డయింది. తర్వాత అదే ప్రకటనను కాగితం చూసి చదివించి, రెండూ పక్కపక్కన వినిపించారు. విన్నాక ఎవరూ వ్యాఖ్యానం చేయాల్సిన అవసరం రాలేదు. ఆరోజు నుంచి వాడు ఎవరికి చెబుతున్నాడో ఆ మనిషి పేరు కాగితం పైన రాసుకుని, తర్వాతే మైకు తెరుస్తున్నాడు. ఇది వాడికి ఎవరూ చెప్పలేదు, తనే మొదలుపెట్టాడు.

ఇంకో మంచి అలవాటు కూడా చేశారు. మైకు తెరిచేముందే చివరి వాక్యం ఏంటో తెలిసి ఉండాలి. చెప్పాల్సినది ఒక్కటే ఉండాలి, పాటలో గొంతు మొదలయ్యేలోపు ముగించాలి. వాక్యధ్యానం చెప్పేవాళ్ళకు ఇది చాలా కష్టం, ఎందుకంటే ఒక వచనం ఇంకో వచనాన్ని గుర్తుచేస్తుంది, అది మరొకదాన్ని తెస్తుంది. వినేవాళ్ళ మనసులో ఏదీ నిలవకుండానే నిమిషం గడిచిపోతుంది. ముప్ఫై నలభై సెకన్లలో ఒక్క ఆలోచనను పూర్తిగా చెప్పడం నేర్చుకున్న పిల్ల, అరగంట కార్యక్రమాన్ని కూడా చక్కగా కట్టగలదు. మా పిల్లల్లోనే దాన్ని చూశాను.

ఇక ఎయిర్‌చెక్. ఈ కోర్సు విలువంతా నా దృష్టిలో దీనిలోనే ఉంది. మైకు తెరిచి ఉన్నప్పుడు మాత్రమే రికార్డయ్యే ఏర్పాటు ఒకటి ఉంటుంది. పాటలు, వర్తమానాలు అందులో ఉండవు కాబట్టి గంట షోలో అనౌన్సర్ మాట్లాడినదంతా కొన్ని నిమిషాల్లో వినేయొచ్చు. వారం వారం ట్రైనర్, అనౌన్సర్ పక్కపక్కన కూర్చుని అది వినేవారు. ట్రైనర్ ముందు ఏమీ అనరు. అడిగే ప్రశ్నలు మూడే: ఎవరితో మాట్లాడావు? ఇక్కడ ఉన్నవాళ్ళు మాత్రమే చెప్పగలిగిన మాట ఇందులో ఏదైనా ఉందా? ఎక్కడ ఆపేసి ఉంటే బాగుండేది?

రెండో ప్రశ్న దగ్గర మా పిల్లలందరూ ఆగిపోయారు. మొదట్లో వాళ్ళు చెప్పినవన్నీ మంచి మాటలే. దేవుడు మిమ్మల్ని ప్రేమిస్తున్నాడు, నిరీక్షణ కోల్పోవద్దు, ఈ పాట మీ హృదయాన్ని తాకుతుంది. సత్యమే కానీ ఏ దేశంలో ఏ స్టేషన్ అయినా చెప్పగలిగిన మాటలే. కోర్సు చివరికి వచ్చేసరికి వాళ్ళ మాటలు మారాయి. ఒక అమ్మాయి, పరీక్ష తప్పిన తన తమ్ముడు ఫలితాలు వచ్చిన రోజంతా గదిలోంచి బయటికి రాలేదని చెప్పింది. సాయంత్రం నాన్న ఏమీ మాట్లాడకుండా వాడి పక్కన కూర్చున్నారని చెప్పి, ఇంట్లో అలాంటి పిల్లలున్న తల్లిదండ్రుల కోసం ప్రార్థించింది. తమ్ముడి అనుమతి తీసుకునే చెప్పిందా అని ట్రైనర్ ముందుగా అడిగారు. తీసుకుంది. ఆ షో తర్వాత ఫోన్లు వచ్చాయి. శాటిలైట్ ఫీడ్‌లో ఎంత గొప్ప గొంతయినా ఆ మాట చెప్పలేదు.

ఒక్కో ఎయిర్‌చెక్‌లో దిద్దుకోవడానికి ఒక్క విషయమే ఇచ్చేవారు. మిగతా లోపాలు వినిపిస్తున్నా వదిలేసేవారు. నాకు మొదట ఓపిక పట్టలేదు గానీ, పది లోపాలు ఒకేసారి చెబితే పిల్లలు మైకంటే భయపడతారని ఆ గదిలో వాళ్ళ ముఖాలు చూస్తే అర్థమవుతుంది.

ఫోన్ కాల్స్ పాఠం మాత్రం చాలా చిన్నదైపోయింది. క్రైస్తవ రేడియోలో ప్రార్థన మనవులే ప్రాణం. కోర్సు చెప్పినవి సరైనవే. పేరు పూర్తిగా చెప్పకూడదు, రోగం వివరాలు ప్రసారంలో పెట్టకూడదు, కాల్ ప్రసారం చేయడానికి వాళ్ళ అనుమతి అడగాలి, స్వస్థత సాక్ష్యం చెప్పేవారు మందులు మానేయమంటే అక్కడే సున్నితంగా ఆపాలి. ఎవరైనా బతకాలని లేదంటే కాల్‌ని ప్రసారంలోంచి తీసేయాలి, లైన్ కట్ చేయకూడదు, వాక్యాలు వల్లించకుండా వినాలి, శిక్షణ ఉన్న హెల్ప్‌లైన్‌కి కలపాలి. ఇవన్నీ చెప్పారు. చెప్పి వదిలేశారు. ఇరవై ఏళ్ళ పిల్ల చెవిలో అలాంటి గొంతు నిజంగా పడితే చెయ్యి వణుకుతుంది. నాటకంలాగా ఒకరు కాలర్‌గా, ఒకరు అనౌన్సర్‌గా కూర్చుని పదే పదే చేయించాల్సిన పాఠం అది. ఆ గంట తర్వాత మా పిల్లలు టెన్షన్‌తోనే బయటికి వచ్చారు. ఆ ప్రాక్టీసు ఇప్పుడు మేమే చేయిస్తున్నాం. మీరు పంపినా మీరూ చేయించుకోవాల్సిందే.

యాస సంగతి నన్ను బాధపెట్టింది. ఒక క్లాసులో అతిథిగా వచ్చిన వక్త, మాట ఏ ప్రాంతానిదో తెలియకూడదని, అదే ప్రొఫెషనల్ గొంతని నేర్పారు. మా అమ్మాయి ఒకామె తన ఇంటి మాటను దిద్దుకోవడం మొదలుపెట్టింది. తర్వాతి షోలో పదాలన్నీ శుభ్రంగా ఉన్నాయి, ఆ పిల్ల మాత్రం అందులో లేదు. ఉచ్చారణ స్పష్టంగా ఉండాలి, ఒత్తులు పోకూడదు, వాక్యం మింగేయకూడదు. ఇవి నేర్పాల్సినవే. కానీ ఇంట్లో మాట్లాడే మాట రేడియోలో వినిపిస్తే సిగ్గుపడాలని నేర్పితే, స్థానిక గొంతుల కోసం పెట్టిన కోర్సు తన పనిని తానే చెడగొట్టుకున్నట్టే. ఈ విషయం ఫీడ్‌బ్యాక్ ఫారంలో వివరంగా రాశాను, కోర్సు నడిపేవారితోనూ మాట్లాడాను. వాళ్ళు మర్యాదగా విన్నారు.

ఏఐ గొంతుల గురించి కూడా ఒక క్లాసు ఉంది. 2024 అక్టోబరులో పోలండ్‌లో ఆఫ్ రేడియో క్రాకోవ్ అనే స్టేషన్ మనుషులకు బదులు ఏఐ అనౌన్సర్లను పెట్టింది. 2012లోనే చనిపోయిన నోబెల్ కవయిత్రి విస్లావా షింబోర్స్కాతో ‘ఇంటర్వ్యూ’ కూడా ప్రసారం చేసింది. జనం గట్టిగా వ్యతిరేకించడంతో ఆ ప్రయోగాన్ని కొద్దిరోజులకే ఆపేశారు. క్లాసులో పిల్లలు దీని మీద చాలాసేపు వాదించుకున్నారు. సమయం చెప్పడానికి, కార్యక్రమాల పట్టిక చదవడానికి ఏఐ వాడితే తప్పేంటని ఒకరన్నారు. అంతవరకు నాకూ అభ్యంతరం లేదు. ప్రార్థన విషయంలో మాత్రం నా మనసు ఒప్పుకోదు. “మీ కోసం ప్రార్థిస్తున్నాను” అని రేడియోలో వినిపిస్తే, నిజంగా ప్రార్థించే మనిషి ఒకరు అక్కడ ఉండి తీరాలి. లేకపోతే అది అబద్ధం.

కోర్సు చివర్లో సర్టిఫికెట్ ఇస్తారు. ఇంట్లో చూపించుకోవడానికి బాగుంటుంది. దానికన్నా ముఖ్యం, తిరిగి వచ్చిన వెంటనే మీ స్టేషన్‌లో ఆ పిల్లలకు మైకు ఇవ్వడం. మేము శనివారం తెల్లవారుజాము గంటను వాళ్ళకే వదిలేశాం. వినేవాళ్ళు తక్కువగా ఉండే ఆ వేళ పిల్లలు తడబడినా నష్టం లేదు. అక్కడ నిలదొక్కుకున్నవాళ్ళను సాయంత్రం షోకి తెస్తున్నాం. శిక్షణ ఇప్పించి, తర్వాత ఆరునెలలు ప్రకటనలు చదవడానికే పరిమితం చేస్తే పిల్లలు వెళ్ళిపోతారు. వాళ్ళను అనాల్సిన పని కూడా లేదు.

కోర్సులో నాకు కనిపించిన పెద్ద లోటు ఇంకొకటి ఉంది. అనౌన్సర్లను తయారుచేస్తారు గానీ, స్టేషన్‌లో వాళ్ళను వినేవాళ్ళను తయారుచేయరు. కోర్సు అయిపోగానే ఎయిర్‌చెక్ ఆగిపోతుంది. పిల్లలు పాత అలవాట్లలోకి మెల్లగా జారిపోతారు, పుల్‌పిట్ గొంతు తిరిగి వచ్చేస్తుంది. మా స్టేషన్‌లో రిటైరైన ఒక టీచరమ్మ ఉన్నారు. ఎన్నో ఏళ్ళుగా పిల్లల కార్యక్రమం చేస్తున్నారు. ఇప్పుడు సోమవారం సోమవారం ఆవిడే వాళ్ళతో కూర్చుని ఆ మూడు ప్రశ్నలు అడుగుతున్నారు. ఆవిడకు ఎలా వినాలో, ఎప్పుడు ఏది వదిలేయాలో నేర్పే పాఠం ఉంటే ఎంత బాగుండేదో. కోర్సు నడిపేవారిని అడిగితే, అలాంటిది తమ దగ్గర లేదన్నారు.

కాబట్టి మీరు పంపేటప్పుడు ఒక్కరిని పంపకండి. మైకు ముందు కూర్చునే పిల్లతోపాటు, తిరిగి వచ్చాక ఆ పిల్లను వారం వారం వినగలిగిన పెద్దవాళ్ళను కూడా పంపండి. ఎయిర్‌చెక్ గదిలో ఒక మూల కుర్చీ వేయమంటే కోర్సు వాళ్ళు కాదనరు, నాకూ అలాగే వేశారు. వచ్చే బ్యాచ్‌కి మా టీచరమ్మ పేరు ఇచ్చేశాం.