డీజిల్ దింపేసి మోటారు పెట్టిన తెరచాప పడవ: అన్ని కాలాలూ చూశాక

నా పడవ 28 అడుగులది, బరువు నాలుగు టన్నులకు కాస్త తక్కువ. పాత డీజిల్ ఇంజన్ దింపేసి, దాని చోట 48 వోల్టుల ఎలక్ట్రిక్ మోటారు, 10 కిలోవాట్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ పెట్టించి కొన్నేళ్ళయింది. కొత్తలో రాసే సమీక్షలన్నీ నిశ్శబ్దాన్ని పొగిడేవే. చప్పుడు లేని మాట నిజమే కానీ ఆ మురిపెం మొదటి వేసవితో సరి. తర్వాత మిగిలేవి వేరే ప్రశ్నలు. ఎంత దూరం పోతుంది, ఎదురుగాలికి నిలుస్తుందా, చలికాలం నెలల తరబడి పడుంటే బ్యాటరీ ఏమవుతుంది, ఉప్పు దేన్ని తింటుంది? నేను రాసేది వాటి గురించే.

దూరం సంగతి ముందు తేల్చేద్దాం. లీటరు డీజిల్‌లో దాదాపు 10 కిలోవాట్-అవర్ల శక్తి ఉంటుంది. చిన్న ఇంజన్ అందులో పాతిక, ముప్పై శాతమే ప్రొపెల్లర్‌ను తిప్పే షాఫ్టుకు అందిస్తుంది, మిగతాదంతా వేడీ పొగా. అంత దండగ తీసేసి చూసినా, ఇద్దరు పట్టుకుంటే గాని లేవని నా బ్యాటరీ మూడు నాలుగు లీటర్ల డీజిల్‌కి సమానం. ట్యాంకు నింపుకుని రోజంతా ఇంజన్ మీద పోయే అలవాటున్నవాళ్ళు ఈ ఒక్క లెక్క చూసి ఆగిపోవచ్చు. నేను ఆగలేదు, ఎందుకంటే నా పడవకు అసలు ఇంజన్ తెరచాపే. మోటారు పని రేవులోంచి బయటపడటం, గాలి పడిపోతే ఇంటిదాకా నెట్టుకురావడం, అంతే.

నీళ్ళు నిలకడగా ఉండి, పడవ అడుగు శుభ్రంగా ఉన్నప్పుడు మీటరులో నేను చూసే అంకెలివి. 3 నాట్ల వేగానికి (నాటు అంటే గంటకు ఒక నాటికల్ మైలు, సుమారు 1.85 కిలోమీటర్లు) సుమారు 700 వాట్లు. 4 నాట్లకు 1.6 కిలోవాట్లు. 5 నాట్లకు 3.2 కిలోవాట్ల పైనే. ప్రొపెల్లర్ అడిగే శక్తి వేగానికి ఘనం చొప్పున పెరుగుతుంది, అందుకే ఈ దూకుడు. బ్యాటరీలో 80 శాతమే వాడతానన్న నియమం పెట్టుకుంటే 5 నాట్లలో 12 మైళ్ళకు మించి పోలేను, 3 నాట్లకు దిగితే 34 మైళ్ళ దాకా పోతాను. నాటికల్ మైళ్ళే. అమ్మినవాళ్ళ కరపత్రంలో ఇంతకన్నా చాలా గొప్ప దూరం ఉంది. అది రెండున్నర నాట్లకు, అద్దంలాంటి నీళ్ళ మీద వేసిన లెక్కని అడుగున సన్నటి అక్షరాల్లో రాశారు. అబద్ధం కాదు, అలాగని నిజమూ కాదు. ఇంతకీ 1839లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మోరిట్జ్ యాకోబీ నేవా నది మీద బ్యాటరీ పడవ నడిపినప్పుడు దాని వేగం గంటకు సుమారు 3 మైళ్ళు. సాయంత్రం గాలి పడిపోయాక నేను ఇల్లు చేరే వేగమూ ఇంచుమించు అంతే. దీన్ని పురోగతి అనాలో లేదో మీరే చెప్పండి.

ఎదురుగాలి దీని అసలు బలహీనత. 20 నాట్ల గాలి ముఖం మీదికి కొడుతూ, పొట్టి అలలు పడవ ముక్కును ఆపుతుంటే, 3 నాట్లు తెచ్చుకోవడానికే మామూలుకు రెండు మూడు రెట్లు వాట్లు కావాలి. డీజిల్ ఉన్న రోజుల్లో అలాంటప్పుడు థ్రాటిల్ తోసేసి విసుక్కుంటూ కూర్చునేవాణ్ణి. ఇప్పుడు తెరచాప తగ్గించి, గాలికి అటో మలుపు ఇటో మలుపు తిరుగుతూ వంకరదారిలో పోతాను, లేదంటే పోటు మళ్ళేదాకా లంగరేసి ఆగుతాను. సోమవారం పొద్దున్నే ఆఫీసులో ఉండి తీరాలన్నవాడికి ఈ పడవ పనికిరాదు.

అయితే కరపత్రాలేవీ సరిగ్గా చెప్పని లాభం ఒకటుంది. గాలి 5, 6 నాట్లుండి తెరచాప సగం ఊగిసలాడుతున్నప్పుడు మోటారుకు ఓ 300 వాట్లు మాత్రం ఇచ్చి వదిలేయండి. పడవ కాస్త కదిలేసరికి దాని కదలిక వల్లే తెరచాప మీద పడే గాలి పెరుగుతుంది, గుడ్డ బిగుస్తుంది, తెరచాప లాగడం మొదలెడుతుంది. రెండూ విడివిడిగా ఇచ్చేదానికన్నా కలిసి ఇచ్చేది ఎక్కువ. డీజిల్‌తో ఈ పని కుదరదు. ఐడిల్‌లో గంటల తరబడి తిరిగితే దానికి మసి పడుతుంది, మనకు తలనొప్పి పడుతుంది. నా పడవలో మోటారు ఎక్కువగా తిరిగేది ఇలాగే.

రేవులో కట్టేటప్పుడు తేడా ఇంకా బాగా తెలుస్తుంది. పాత ఇంజన్‌కి గేరు వెయ్యగానే, అది ఐడిల్‌లో ఉన్నా సరే, పడవ రెండు నాట్లకు తక్కువ పోయేది కాదు. అందుకని గేరు వేస్తూ తీస్తూ జెట్టీ దగ్గరికి కుదుపులతో చేరేవాళ్ళం. ఇప్పుడు షాఫ్టు నిమిషానికి నలభై యాభై చుట్లు తిరిగేలా కూడా నడపొచ్చు. పక్క పడవకూ మనకూ మధ్య రెండు మూరల ఖాళీ ఉన్నప్పుడు చుక్కాని పూర్తిగా తిప్పి, థ్రాటిల్ వెంట్రుకవాసి ముందుకు తోస్తే, పడవ వెనుక భాగం మెల్లగా జరిగి జెట్టీకి ఆనుకుంటుంది. వెనక్కి కావాలంటే మీట వెనక్కి లాగడమే, గేరు పడేదాకా ఊపిరి బిగబట్టే పని లేదు. సున్నా వేగం నుంచే పూర్తి టార్క్ ఉండటమంటే ఏమిటో నాకు అక్కడ అర్థమైంది. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. మోటారు ఆన్‌లో ఉందో లేదో చెవికి తెలీదు. పడవ కట్టేశాక పిల్లలెవరైనా మీట తగిలిస్తే తాడు తెగేలా లాగుతుంది. కట్టగానే తాళంచెవి తీసి జేబులో వేసుకోవడమే.

ఇక సంరక్షణ. ‘మెయింటెనెన్స్ లేదు’ అని ఎవరైనా అంటే వాళ్ళు పడవను ఒక సీజన్ కన్నా ఎక్కువ ఉంచుకోలేదన్నమాట. ఆయిలు మార్పిడి, ఇంధనం ఫిల్టర్లు, నీటి పంపు ఇంపెల్లర్, ట్యాంకులో పెరిగే జిగురు, చలికాలానికి ముందు ఇంజన్‌లో యాంటీఫ్రీజ్ పోయడం, ఇవన్నీ పోయాయి. వాటి మీద నాకు బెంగ లేదు. కానీ షాఫ్టు సీలు, బేరింగు, నీళ్ళలో ప్రొపెల్లర్‌కు బదులు తాము కరిగిపోయే జింకు బిళ్ళలు ఎక్కడికీ పోలేదు, కొత్తగా బోలెడు కరెంటు పని వచ్చి చేరింది.

వసంతంలో పడవ నీళ్ళలోకి దింపేముందు నా సమయమంతా జాయింట్ల దగ్గరే గడుస్తుంది. 48 వోల్టుల మీద 5 కిలోవాట్లు లాగితే తీగలో వంద ఆంపియర్ల పైనే పారుతుంది. అంత కరెంటుకు ఒక్క జాయింటు కాస్త వదులైనా, అందులో ఒక్క మిల్లీ ఓమ్ నిరోధం చేరినా, అక్కడ పది వాట్ల వేడి పుడుతుంది. చూడ్డానికి ఏమీ కనిపించదు. అందుకే రేవులో తాళ్ళతో గట్టిగా కట్టేసి, మోటారును లోడు మీద తిప్పుతూ, మల్టీమీటరు మొనలు ఒక్కో జాయింటుకు అటూ ఇటూ పెట్టి మిల్లీవోల్టులు చూస్తాను. మిగతావన్నీ అయిదో ఆరో చూపిస్తుంటే ఒకటి నలభై చూపిస్తే, దోషి దొరికినట్టే. ఒక ఏడాది అలా దొరికింది ఫ్యూజు పక్కనున్న లగ్గు, అంటే తీగ చివర బిగించే లోహపు కొస. పైన తళతళలాడుతోంది, విప్పి చూస్తే వాషరు కింద సన్నగా ఆకుపచ్చ చిలుం. గీకి, తుడిచి, గ్రీజు రాసి, టార్క్ రెంచితో బిగిస్తే మళ్ళీ మామూలు. తగరపు పూత ఉన్న రాగి తీగలే వాడండి. మామూలు రాగి తీగలో ఉప్పు తేమ తొడుగు లోపలికి పాకిపోతుంది, కోసి చూస్తే జానెడు లోపలి దాకా నల్లగా ఉంటుంది.

అదే మీటరుతో ఇంకో పరీక్ష కూడా చెయ్యాలి. బ్యాటరీ రెండు ధృవాలకీ ప్రొపెల్లర్ షాఫ్టుకీ మధ్య ఎక్కడా సంబంధం ఉండకూడదు. ఎక్కడైనా కరెంటు నీళ్ళలోకి కారితే జింకు బిళ్ళలు వారాల్లో కరిగిపోయి, తర్వాత ప్రొపెల్లర్ వంతు వస్తుంది. రేవు కరెంటుకు ప్లగ్గు పెట్టి వదిలేసేవాళ్ళకు, ఎర్త్ తీగ గుండా పారే చిన్నపాటి కరెంటును ఆపే గాల్వానిక్ ఐసొలేటర్ కూడా ఉండాలి, లేకపోతే పక్క పడవల లోహాలతో మీ పడవ కూడా ఒక బ్యాటరీ అయి కూర్చుంటుంది. ఉప్పు నీళ్ళకు జింకు, మంచినీళ్ళకు మెగ్నీషియం, ఆ తేడా మర్చిపోవద్దు.

వేసవిలో బ్యాటరీకి రెండు శత్రువులు, ఎండా, నిండుతనమూ. నిండా ఛార్జి చేసి వేడి పెట్టెలో వారమంతా వదిలేస్తే దాని ఆయుష్షు తరుగుతుంది. మామూలు రోజుల్లో సగానికి కాస్త పైన ఉంచి, బయల్దేరే ముందు రాత్రి నింపుకుంటాను. నా ఛార్జరు 1.6 కిలోవాట్లది, రాత్రి పెడితే తెల్లారేసరికి పని పూర్తి. అయితే అప్పుడప్పుడు నూటికి నూరు దాకా నింపక తప్పదు, సెల్స్ సమానం కావాలన్నా, మీటరు లెక్క సరికావాలన్నా అదే దారి. ఈ రకం బ్యాటరీలో వోల్టేజీ 90 శాతం దగ్గరా 30 శాతం దగ్గరా ఇంచుమించు ఒకేలా ఉంటుంది, కాబట్టి వోల్టులు చూసి ఎంత మిగిలిందో చెప్పలేం. లోపలికి వచ్చిన, బయటికి పోయిన ఆంపియర్లను లెక్కపెట్టే షంట్ మీటరు ఉండి తీరాలి.

వేసవిలో ఇంకో దొంగ పడవ అడుగున ఉంటాడు. నాచూ పెంకు పురుగులూ ప్రొపెల్లర్‌కి పట్టాయంటే అవే 4 నాట్లకు వాట్లు సగం మేర పెరిగిపోతాయి. డీజిల్ ఉన్నప్పుడు ఇది తెలిసేది కాదు, కాస్త ఎక్కువ తాగేది, అంతే. ఇప్పుడు మీటరు ముఖం మీదే చెబుతుంది. నీళ్ళు వెచ్చగా ఉన్నన్నాళ్ళూ నెలకోసారి ఈత కళ్ళద్దాలు పెట్టుకుని దిగి గీకడమే.

సోలార్ గురించి క్లుప్తంగా. 300 వాట్ల పలకలు పెట్టాను. ఎండాకాలం మంచి రోజున కిలోవాట్-అవర్ పైనే ఇస్తాయి, తెరచాప దూలం నీడ పడితే సగం కూడా రావు. వారమంతా కట్టి ఉంచి, వారాంతం తిరిగేవాళ్ళకు చాలు. రోజూ తిరిగేవాళ్ళకు చాలదు.

రీజెనరేషన్, అంటే తెరచాప మీద పోతున్నప్పుడు ప్రొపెల్లర్ తిరిగి బ్యాటరీని నింపడం, శరదృతువు గాలుల్లో బాగుంటుంది. 5 నాట్ల మీద వంద వాట్లు అటూ ఇటూ, 6 దాటితే రెండు మూడు వందలు. బదులుగా అర నాటు వేగం వదులుకోవాలి. దీంతో ట్యాంకు నిండుతుందనుకోకండి. ఫ్రిజ్, దీపాలు, ఆటోపైలట్ ఖర్చు తీరుతుంది, అదే పదివేలు. కానీ ఒక ప్రమాదం ఉంది. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడో, బాగా చల్లబడి ఉన్నప్పుడో రీజెనరేషన్ నడిస్తే, ఇక ఛార్జి వద్దని బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే ఎలక్ట్రానిక్ కాపలాదారు) ఉన్నట్టుండి సంబంధం తెంపేస్తుంది. ప్రొపెల్లర్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది, పుట్టిన కరెంటుకు పోయే దారి లేక వోల్టేజీ ఎగిరి, మోటారును నడిపే కంట్రోలర్ మీద పడుతుంది. నింపుకుని బయల్దేరిన రోజు మొదటి గంటలో దాన్ని ఆపి ఉంచుతాను.

బీఎంఎస్ తెంపేస్తే మోటారుతోపాటు దాని మీద ఆధారపడ్డవన్నీ పోతాయి. ఈ విషయం చాలా పడవల్లో పట్టించుకోరు. 48 వోల్టుల నుంచి కన్వర్టర్ ద్వారా 12 వోల్టులు తీసి దీపాలకూ రేడియోకూ ఇస్తే, సరిగ్గా అవసరమైన క్షణంలో చీకటీ మౌనమూ మిగులుతాయి. మధ్యలో వేరే చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఒకటి ఉండాల్సిందే. లంగరు ఎప్పుడూ వదలడానికి సిద్ధంగా ఉండాలి, మోటారు ఏదైనా సరే.

చలికాలం నేను భయపడినంత లేదు. ఈ బ్యాటరీ సెల్స్‌లో నీళ్ళు లేవు కాబట్టి, ఖాళీ అయిన లెడ్ యాసిడ్ బ్యాటరీలా గడ్డకట్టి పగలదు. సున్నా డిగ్రీల కింద దాన్నుంచి కరెంటు తీసుకోవచ్చు, పెట్టకూడదు. పెడితే లిథియం లోహంగా పేరుకుపోతుంది, ఆ నష్టం తిరిగిరాదు. కొనేముందు తప్పకుండా అడగాల్సిన ప్రశ్న, చలిలో ఛార్జింగును బీఎంఎస్ తనంతట తానే ఆపుతుందా అని. పడవ గట్టు మీదికి ఎక్కించాక బ్యాటరీని సగం దగ్గర ఉంచి, మెయిన్ స్విచ్ ఆపి, సోలార్ తీగ కూడా విప్పేస్తాను. సెల్స్ తమంతట తాము పోగొట్టుకునేది నెలకు రెండు మూడు శాతమే, అసలు తినేవి బీఎంఎస్, అలారం, ఎప్పుడూ వెలిగుండే తెర లాంటి చిల్లర ఖర్చులు. వాటిని ఆపేయకపోతే వసంతానికి బ్యాటరీ పూర్తిగా అడుగంటి ఉంటుంది, కొన్ని బీఎంఎస్‌లు అలాంటప్పుడు మామూలు ఛార్జరుకు లేవనే లేవవు.

బెల్టు సంగతి కూడా చలికాలంలోనే చూస్తాను. మోటారు వేగాన్ని షాఫ్టుకు తగ్గించి ఇచ్చేది అదే. చుట్టూ నల్లటి పొడి రాలుతోందంటే కప్పీలు ఒక వరుసలో లేవని అర్థం. ఒక బెల్టు పడవలో అదనంగా ఉంచుకుంటే సముద్రం మీదే మార్చుకోవచ్చు, పావుగంట పని.

ఈసారి పడవను గట్టు మీదికి ఎక్కించినప్పుడు ప్రొపెల్లర్ మారుస్తాను. ఇప్పుడున్నది డీజిల్ కాలం నాటిది, చిన్న వ్యాసంతో వేగంగా తిరగడానికి చేసింది. మోటారుకు పెద్ద ఆకులు, నెమ్మది తిరుగుడు సరిపడతాయి, అదే తోపుకు తక్కువ వాట్లు చాలు. ఆకు చివరకూ పడవ అడుగుకూ మధ్య వ్యాసంలో కనీసం పది శాతం ఖాళీ ఉండాలి. కొలిచి చూశాను, రెండంగుళాలు పెద్దది పట్టే చోటుంది.