సౌత్ డకోటా రిజిస్ట్రేషన్‌తో మా మోటర్‌హోమ్: కొన్నేళ్ల వాడకం తర్వాత

ఇల్లులా నివసించడానికి వీలైన ఈ బండి పొడవు, ఇంజను, పడకలు, సోలార్ పలకల గురించి ఇక్కడ రాయడం లేదు. అవన్నీ కంపెనీవాళ్లు అచ్చువేసి పంచే కాగితాల్లోనే ఉంటాయి. నేను రాస్తున్నది ఆ బండికి మేము అమెరికాలోని సౌత్ డకోటా రాష్ట్రంలో చేయించుకున్న రిజిస్ట్రేషన్ గురించి. కొన్నేళ్లు దానితో తిరిగిన తర్వాత నాకు అందులో అన్నిటికన్నా విలువైనదిగా తోచిన అంశం, టైటిల్ కాగితం (యాజమాన్య పత్రం) మీద మా దంపతుల పేర్లే ఉండటం. పన్ను తగ్గడం దాని తర్వాతి సంగతి. కొనేటప్పుడు మాత్రం మేము కూడా అందరిలాగే పన్ను లెక్కలే వేసుకున్నాం.

న్యూజెర్సీలో ఉద్యోగ విరమణ చేసి, ఎడిసన్‌లో ఇల్లు అమ్మేసిన తర్వాత మాకు సొంత చిరునామా అంటూ లేకుండా పోయింది. కొన్నాళ్లు దేశమంతా బండిలోనే తిరగాలనుకున్నాం కాబట్టి, ఏ రాష్ట్రపు నివాసులుగా ఉండాలన్నది మేమే నిర్ణయించుకోవలసి వచ్చింది. ఒరెగాన్‌లో ఒక డీలరు దగ్గర లక్షా ఇరవై వేల డాలర్లకు కుదిరిన పాత బండి అది. ఒరెగాన్‌లో సేల్స్ ట్యాక్స్ లేదు గనుక అమ్మినచోట ఏమీ కట్టనక్కర లేదు, కానీ రిజిస్టర్ చేయించుకునే రాష్ట్రం తన వాటా తాను అడుగుతుంది. న్యూజెర్సీ అయితే 6.625 శాతం, అంటే 7,950 డాలర్లు. టెక్సాస్‌లో 6.25 శాతం, 7,500. సౌత్ డకోటాలో వాహనాల మీద ఎక్సైజ్ పన్ను 4 శాతమే, 4,800. మోంటానాలో సేల్స్ ట్యాక్సే లేదు.

ఈ ఆఖరి మాట దగ్గరే చాలామంది మనసు ఆగిపోతుంది. మోంటానాలో నివాసం లేనివారు అక్కడ ఒక ఎల్‌ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ) పెట్టి, ఆ కంపెనీ పేరున బండి కొని, మోంటానా ప్లేటు తగిలించుకోవడం చాలాకాలంగా నడుస్తున్న పద్ధతి. దాన్ని చేసిపెట్టే ఏజెంట్లు కూడా ఉన్నారు. కాలిఫోర్నియాలోని బే ఏరియాలో ఉండే మా బావగారు అలాగే చేశారు, మమ్మల్నీ అలాగే చేయమని గట్టిగా చెప్పారు. ఆయన ఉండేచోట సేల్స్ ట్యాక్స్ 10 శాతం దాటుతుంది కాబట్టి ఆయన ఆశను తప్పు పట్టలేను. అయితే కంపెనీ పేరున ఉన్న బండికి బీమా చేయడానికి ఆయన అడిగిన మొదటి సంస్థ ఒప్పుకోలేదు, రెండోది వ్యాపార వాహనంగా లెక్కగట్టి ప్రీమియం చెప్పింది. అదలా ఉంచితే, కాలిఫోర్నియా నివాసి బయటి రాష్ట్రంలో కొన్న బండిని 12 నెలలలోపు రాష్ట్రంలోకి తెస్తే, అది అక్కడ వాడుకోవడానికే కొన్నట్టు భావించి యూజ్ ట్యాక్స్ (బయట కొని రాష్ట్రంలో వాడుకునేదాని మీద వేసే పన్ను) అడుగుతారు. కంపెనీలో సగమో అంతకన్నా ఎక్కువో వాటా కాలిఫోర్నియా నివాసులదైతే ఆ కంపెనీనీ నివాసిగానే లెక్కిస్తారు. బావగారి బండి ఏడాదిలో ఎక్కువ రోజులు ఆయన ఇంటి పక్క సందులోనే నిలబడి ఉండేది. చివరికి పన్నుతో పాటు వడ్డీ, జరిమానా కట్టమని నోటీసు వచ్చింది. ఏజెంటుకు ఫోను చేస్తే, కంపెనీ పెట్టడం వరకే తమ బాధ్యత అన్నాడట.

సౌత్ డకోటా పద్ధతి దీనికి పూర్తిగా వేరు. అక్కడ ఉత్తరాలు అందుకుని దాచిపెట్టే సంస్థలున్నాయి. వాటిలో ఒకదానిలో చిరునామా తీసుకుని, సూ ఫాల్స్‌లో ఒక రాత్రి బస చేసిన రసీదు చూపించి, నివాస అఫిడవిట్ మీద సంతకం పెట్టి డ్రైవింగ్ లైసెన్సు తీసుకున్నాం. లైసెన్సు ఐదేళ్లు చెల్లుతుంది. బండి కాగితాలను కౌంటీ ట్రెజరర్ ఆఫీసుకు పంపితే ప్లేట్లు వచ్చాయి. వాహన తనిఖీ లేదు, రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. రెన్యూవల్ నెలను ఇంటిపేరు మొదటి ఇంగ్లీషు అక్షరాన్ని బట్టి నిర్ణయిస్తారు. మా ఇంటిపేరు ‘ఎస్’తో మొదలవుతుంది కాబట్టి మాకు సెప్టెంబరు పడింది. పాస్‌పోర్టులో ఇంటిపేరు స్థానంలో తండ్రిగారి పేరో తన పేరో పడిపోయిన మనవాళ్లు ఎంతోమంది ఉన్నారు గనుక, ఏ అక్షరం లెక్కలోకి వస్తుందో వారు ముందే చూసుకోవడం మంచిది.

ఇక అసలు సంగతికి వస్తాను. కొన్నేళ్లు తిరిగాక, మనవరాలు పుట్టిందని మా అమ్మాయి ఉండే టెక్సాస్‌లోని ఫ్రిస్కోకు చేరి, అక్కడే చిన్న ఇల్లు తీసుకున్నాం. టెక్సాస్‌లో స్థిరపడినవారు 30 రోజులలోపు బండిని ఆ రాష్ట్రంలో రిజిస్టర్ చేయించుకోవాలి. ఇంకో రాష్ట్రంలో కట్టిన పన్నును మినహాయిస్తారని నాకు తెలుసు కాబట్టి, 7,500లో నుంచి 4,800 తీసేసి మిగిలిన 2,700 డాలర్లు కట్టవలసి వస్తుందని లెక్క వేసుకున్నాను. ఆ లెక్కను ఒక తెల్ల కాగితం మీద నీటుగా రాసి, సౌత్ డకోటాలో పన్ను కట్టిన రసీదు దానికి గుచ్చి, చెక్కుబుక్కుతో సహా కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకు వెళ్లాను. కౌంటరులో ఉన్నావిడ నా లెక్క వైపు చూడనైనా లేదు. సౌత్ డకోటా రిజిస్ట్రేషన్ కార్డు తీసుకుని దాని మీద ఉన్న పేరునూ నా లైసెన్సు మీద ఉన్న పేరునూ అక్షరం అక్షరం పోల్చి చూసి, 130-యు అనే దరఖాస్తును నా వైపు తిప్పి, పన్ను భాగంలో ‘కొత్త నివాసి’ అన్న గడి మీద వేలు పెట్టి, పాత రాష్ట్రం పేరు అక్కడ రాయమంది. ఆ గడి పక్కన అచ్చువేసి ఉన్న మొత్తం 90 డాలర్లు.

నేను మళ్లీ అడిగాను. ఇంకో రాష్ట్రంలో తన పేరున ముందే రిజిస్టరై ఉన్న బండిని కొత్తగా వచ్చిన నివాసి తెచ్చుకుంటే, టెక్సాస్‌లో 6.25 శాతం బదులు 90 డాలర్ల కొత్త నివాసి పన్నే ఉంటుందని ఆవిడ వివరించింది. టైటిల్ రుసుము, ఏడాది రిజిస్ట్రేషన్ వేరు. బండి విలువ ఎంతో అడగలేదు, పాత రాష్ట్రంలో ఎంత కట్టామో కూడా అడగలేదు. ‘తన పేరున’ అన్న షరతు ఒక్కటే చూశారు. మోంటానా కంపెనీ పేరున ఉన్న బండితో నేను అదే కౌంటరు ముందు నిలబడి ఉంటే, లైసెన్సు మీద ఒక పేరు, రిజిస్ట్రేషన్ మీద ఇంకో పేరు ఉండేవి. ఆ గడి నాకు అక్కరకు వచ్చేది కాదు. కర్ణాటక కారును హైదరాబాదుకు తెచ్చుకుని, ఎన్‌ఓసీ కోసం తిరిగి, మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టి, పాత రాష్ట్రం నుంచి వాపసు కోసం ఎదురుచూసిన మా తమ్ముడికి ఈ 90 డాలర్ల సంగతి ఫోనులో చెబితే, రసీదు ఫొటో పంపేదాకా నమ్మలేదు.

అయితే ఈ మేలు టెక్సాస్ చట్టం చేసినది, దాన్ని సౌత్ డకోటా ఖాతాలో వేయడం సబబు కాదు. మా అమ్మాయి ఇంకో రాష్ట్రంలో ఉండి ఉంటే లెక్క వేరుగా తేలేదేమో. పైగా ఇల్లు అమ్మేసి నిజంగానే న్యూజెర్సీ వదిలేశాం కాబట్టే మా నివాసాన్ని ఎవరూ ప్రశ్నించలేదు. పైన తేలికగా వచ్చేసినట్టు రాసిన ప్లేట్ల విషయంలోనూ ఒక మెలిక ఉంది. ఉత్తరాలు మన దగ్గరికి చేరవలసింది ఆ చిరునామా సంస్థ ద్వారానే. ఒక సెప్టెంబరులో రెన్యూవల్ తర్వాత ప్లేటు మీద అతికించే కొత్త స్టిక్కరు ఉన్న కవరును వాళ్లు ఆలస్యంగా పంపారు. మేము న్యూమెక్సికోలో ఉన్నాం, గడువు తీరిన స్టిక్కరుతో రాష్ట్రాలు దాటడం ఇష్టం లేక ఆ క్యాంప్‌గ్రౌండ్‌లోనే అదనపు అద్దె కట్టుకుంటూ ఆగిపోయాం. మా ఆవిడ రోజూ పొద్దున్నే ఆఫీసు గది దాకా నడిచి వెళ్లి కవరు వచ్చిందా అని అడిగి వచ్చేది. ఆ సంస్థకు ఏటా కట్టే రుసుము, కవరు స్కాన్ చేసినందుకు, ముందుకు పంపినందుకు విడివిడిగా వేసే ఖర్చులు కలుపుకుంటే, న్యూజెర్సీతో పోల్చి చూసుకున్న ఆదాలో కొంత అక్కడే కరిగిపోయింది.

ఆరోగ్య బీమా ఇంకా పెద్ద తలనొప్పి. నాకు మెడికేర్ (65 నిండినవారికి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) వచ్చేసింది గనుక ఏ రాష్ట్రంలో డాక్టరు దగ్గరికి వెళ్లినా ఇబ్బంది లేకపోయింది. మా ఆవిడకు 65 నిండే వరకు సౌత్ డకోటా చిరునామా మీద దొరికిన పాలసీ ఆ చుట్టుపక్కల ఆసుపత్రులకే బాగా పనికొచ్చేది, మేమేమో చలికాలమంతా అరిజోనాలో ఉండేవాళ్లం. అత్యవసరం కాని వైద్యానికి చాలాసార్లు చేతి డబ్బే పెట్టుకున్నాం. బండి బీమాలో కూడా ఏడాదంతా అందులోనే నివసిస్తున్నామని ఉన్నది ఉన్నట్టు చెబితే ప్రీమియం పెరుగుతుంది. చెప్పకపోతే ప్రమాదం జరిగినప్పుడు క్లెయిము తిరస్కరించవచ్చు. మేము చెప్పే కట్టాం.

మనవాళ్లలో ఇంకా వీసా మీద ఉన్నవారికి దీన్ని సిఫారసు చేయను. పౌరసత్వం లేనివారు చిరునామా మారిన 10 రోజులలోపు ఇమిగ్రేషన్ శాఖకు తెలపాలి, అదీ తాము నిజంగా నివసించే చోటు చెప్పాలి. ఉత్తరాల సంస్థ చిరునామా దానికి సరిపోదు. హెచ్-1బీలో ఉద్యోగం చేసే చోటు కూడా కాగితాల్లో నమోదై ఉంటుంది. మేమిద్దరం పౌరులం, ఉద్యోగాలు వదిలేసినవాళ్లం, బడికి వెళ్లే పిల్లలు లేనివాళ్లం కాబట్టి మాకు కుదిరింది. ఒకే ఊళ్లో ఇల్లు ఉంచుకుని సెలవుల్లో మాత్రం బండి తీసేవారు ఎక్కడ నివసిస్తే అక్కడ పన్ను కట్టుకోవడమే నయమని బావగారి నోటీసు చూశాక నాకు అనిపించింది. ఆయన మాత్రం ఇప్పటికీ తప్పంతా ఏజెంటుదే అంటారు.

మా వరకు ఐదుకు నాలుగు ఇస్తాను, మా ఆవిడ మూడు చాలంటుంది. సౌత్ డకోటా నుంచి బండిని వేరే రాష్ట్రానికి మార్చుకునేవారు చివరి ఏడాది రిజిస్ట్రేషన్ కార్డును పారేయకుండా ఉంచుకోవాలి. టెక్సాస్ కౌంటరులో నన్ను మొదట అడిగింది దాన్నే, అదీ జిరాక్సు కాకుండా అసలు కార్డు.