కొండ మీద బండికి ఊపిరి: టీఆర్‌ఏ క్లచ్ క్లిక్కర్లతో నాలుగు చలికాలాలు

మినియాపొలిస్‌లో ఉన్నప్పుడు కొన్న స్కీ-డూ సమ్మిట్ 800ఆర్ ఇ-టెక్ స్నోమొబైల్‌ని (మంచు మీద నడిచే బండి), డెన్వర్‌కి మారేటప్పుడు ట్రైలర్ మీద వెంట తెచ్చుకున్నాను. అక్కడ ఎత్తు వెయ్యి అడుగులు కూడా ఉండదు. ఇక్కడ నేను ఎక్కువగా తిరిగే రాబిట్ ఇయర్స్ పాస్ అనే కనుమ 9,426 అడుగులు. మొదటి రోజే బండి నీరసపడిపోయింది. థ్రాటిల్ పూర్తిగా నొక్కినా టాకోమీటర్ (ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో, అంటే ఆర్‌పీఎం, చూపేది) 7,400 దాటలేదు. ఈ ఇంజిన్ బలమంతా 7,900 ఆర్‌పీఎం చుట్టూ ఉంటుంది. ఓ మోస్తరు వాలు మీదే ట్రాక్ మంచులో దిగబడిపోతే, నేనూ మా బావా ముప్పావు గంట పారలతో తవ్వాం. కాలిన బెల్ట్ వాసన ఆ రోజంతా జాకెట్‌ని వదల్లేదు.

ఎత్తుని బట్టి పెట్రోల్‌ని కంప్యూటరే సర్దుకుంటుంది కదా, ఇంకేం చెయ్యాలి అనుకున్నాను. అదే నా పొరపాటు. కంప్యూటర్ పెట్రోల్ సంగతి చూస్తుంది గానీ క్లచ్ జోలికి రాదు. ప్రతి వెయ్యి అడుగులకీ ఇంజిన్ దాదాపు 3 శాతం బలం కోల్పోతుంది. అంటే ఆ కొండ మీద నాలుగో వంతు పైనే పోయినట్టు. మన దగ్గర యాక్టివాకి బెల్ట్, రోలర్లు మార్పించినవాళ్లకి మిగతాది ఇట్టే అర్థమవుతుంది. ఇంజిన్ తిరిగే కొద్దీ క్లచ్‌లోని బరువులు బయటికి తోసుకుంటూ బెల్ట్‌ని పై గేరులోకి నెడతాయి. ఇంజిన్ బలం తగ్గినా, అదే ఆర్‌పీఎం దగ్గర ఆ బరువులు తోసే తోపు మాత్రం తగ్గదు. దాంతో ఇంజిన్ మోయలేని గేరులోకి ముందే వెళ్లిపోయి అక్కడే కూలబడుతుంది.

నా బండిలోని ఈ టీఆర్‌ఏ రకం క్లచ్‌లో నాకు బాగా నచ్చింది దీనికి చేతికందే మందు ఉండటం. క్లచ్ ముఖం మీద మూడు స్క్రూలు (వీటినే క్లిక్కర్లు అంటారు), ఒక్కోదానికి 1 నుంచి 6 దాకా స్థానాలు. అంకె ఒకటి పెంచితే సుమారు 200 ఆర్‌పీఎం పెరుగుతుంది, తగ్గిస్తే అంతే తగ్గుతుంది. ఇంజిన్ ఆపి, తాళం తీసి, నట్‌ని వదులు చేసి, స్క్రూని లోపలికి నొక్కి, దాని తల మీది గాటు కావలసిన అంకెకి ఎదురుగా వచ్చేలా తిప్పి మళ్లీ బిగించాలి. స్క్రూని పూర్తిగా బయటికి లాగకండి, లోపలి వాషర్లు జారిపడిపోతాయి. మూడూ ఒకే అంకె మీద ఉండాలి. ఓసారి చేతులు కొంకర్లు పోయే చలిలో రెండిటిని 5 మీద, ఒకదాన్ని 4 మీద పెట్టేశాను. పాదాల కింద అదోరకం వణుకు మొదలైంది. టార్చ్ వేసి గాట్లు చూస్తే గానీ కారణం తెలియలేదు. అప్పటినుంచి బిగించాక ఒక్కో గాటునీ వేలితో తడిమి చూసుకుంటున్నాను.

3 నుంచి 5కి మార్చిన రోజు 7,800 చూపించింది. అదే వాలు, అదే మంచు, బండి మాత్రం కొత్తది! ఆ ఆనందం మాటల్లో చెప్పలేను.

అయితే లోపమూ ఉంది. అంకెకి 200 అంటే పెద్ద గెంతే, మధ్యలో ఆగడానికి లేదు. పైగా 5 మీదే ఉంటే పైకి సర్దుకోవడానికి ఒక్క అంకే మిగులుతుంది. అందుకే రెండో చలికాలంలో క్లచ్ విప్పించి, బరువులుగా పనిచేసే పిన్‌లని తేలికైనవి వేయించి, క్లిక్కర్లని మళ్లీ 3కి తెచ్చాను. నా మాట అడిగితే, ఎప్పుడూ కొండ మీదే తిరిగేవాళ్లు ముందు బరువులే మార్చుకోవాలి, క్లిక్కర్లని ఆ రోజు వాతావరణానికి వదిలెయ్యాలి. మార్చి మధ్యాహ్నాల్లో గాలి వేడెక్కి నాకు వంద ఆర్‌పీఎంకి పైనే తగ్గుతుంది, అప్పుడు ఒక అంకె చాలు. కిందికి వెళ్తే మాత్రం అంకె తగ్గించడం మరవద్దు. ఆర్‌పీఎం ఆ 7,900 గీత దాటిపోయినా బలం పడిపోతుంది, మోత ఎక్కువై బండి బాగా పోతోందన్న భ్రమ మిగులుతుంది.

క్లిక్కర్ ముట్టుకునే ముందు బెల్ట్ చూడండి. అరిగిన బెల్ట్‌తో, రబ్బరు పొడి పట్టిన పుల్లీలతో ఏ లెక్కా నిలవదు. పరీక్ష చదునైన మైదానంలో, లోతైన మంచులో చెయ్యండి. దయచేసి నిటారు వాలు మీద వద్దు. ఆ ఉదయం కొలరాడో అవలాంచ్ ఇన్ఫర్మేషన్ సెంటర్ (మంచుచరియల ప్రమాదం గురించి చెప్పే సంస్థ) సూచన చదవకుండా నేను ట్రైలర్ కూడా తగిలించను.

బెల్ట్ రెండో వైపు పుల్లీలో ఉండే సెకండరీ స్ప్రింగ్ జోలికి నేను పోలేదు, అవసరం రాలేదు. మొత్తం 2,600 మైళ్లలో రెండు బెల్టులు మార్చాను, అందులో ఒకటి ఆ మొదటి రోజు కాలినదే.

హుడ్ లోపల అంటించిన టేపు మీద ప్రతిసారీ ఊరు, ఎత్తు, చలి, అంకె, ఆర్‌పీఎం రాస్తాను. పోయిన నెల గ్రాండ్ లేక్‌లో బావ తన బండి హుడ్ ఎత్తితే లోపల అలాంటి టేపే కనిపించింది. మొదటి వరుస: "8,400 అడుగులు, మైనస్ 12, అంకె 4, 7,900."