సంచితో ఆల్-గ్రెయిన్ బీరు: నాలుగేళ్లు వాడాక చెబుతున్న మాట

38 లీటర్ల స్టీలు కెటిల్, అందులో సరిగ్గా పట్టే పాలియెస్టర్ సంచి, ప్రొపేన్ స్టవ్, మరిగిన రసాన్ని చల్లార్చేందుకు లోపల కుళాయి నీళ్లు పారించే 25 అడుగుల రాగి కాయిల్. ఇంతే సరంజామా. నాలుగేళ్లలో దీని మీద నలభైకి పైగా బ్యాచ్‌లు దిగాయి. వాడింది టెక్సస్‌లో డల్లాస్‌కి ఉత్తరాన, ప్లేనో, ఫ్రిస్కో వైపు, కాబట్టి నీళ్లూ ఎండా గురించి చెప్పేది ఆ ప్రాంతానికి బాగా వర్తిస్తుంది. తీర్పు ముందే చెప్పేస్తే: మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) సిరప్ డబ్బా దాటి మొదటిసారి పూర్తిగా గింజలతోనే, అంటే ఆల్-గ్రెయిన్ బీరు కాచేవాళ్లకి ఇంతకు మించి అక్కర్లేదు. మూడు పాత్రల సెట్టుకో, మోటారున్న కరెంటు యంత్రానికో పెట్టే డబ్బు మిగిల్చి ఒక పాత ఫ్రిజ్ కొనుక్కోవడం మేలు. కారణం కిందికి వెళ్తే తెలుస్తుంది.

ఈ పద్ధతి ఆస్ట్రేలియాలో పుట్టింది. మొత్తం నీళ్లు ఒకే కెటిల్‌లో కాచి, సంచిలో మాల్ట్ పోసి, గంట నానబెట్టి, సంచి పైకి లాగేయడమే. టీ బ్యాగుని పెద్దది చేసినట్టు. విడిగా వడకట్టే పాత్ర లేదు, గింజల మీద వేడినీళ్లు పోసి కడిగే పనీ లేదు.

19 లీటర్ల పేల్ ఏల్‌కి (ఒక రకం లేతరంగు బీరు) మాకు కుదిరిన లెక్క ఇది: టూ-రో అనే మామూలు బార్లీ మాల్ట్ నాలుగున్నర కిలోలు, రంగుకీ తీపికీ వేసే క్రిస్టల్-40 మాల్ట్ పావు కిలో, నీళ్లు 28 లీటర్లు. ఇందులో మూడు లీటర్లు గింజలు తాగేస్తాయి, నాలుగు లీటర్లు గంట మరుగులో ఆవిరవుతాయి, రెండు లీటర్ల మడ్డి అడుగున మిగులుతుంది. గింజలు పడ్డాక మట్టం 31 లీటర్ల దాకా లేస్తుంది. అందుకే 30 లీటర్ల కెటిల్ చవగ్గా దొరికినా వద్దు.

ఇక అసలు సంగతి: గింజ మర. ఈ పద్ధతిలో ఫలితం తక్కువ వస్తోందని ఎవరన్నా అంటే పదింట ఎనిమిదిసార్లు తప్పు అక్కడే ఉంటుంది. దుకాణాల్లో మరని మామూలుగా దాదాపు 1 మిల్లీమీటరు సందులో పెడతారు. మూడు పాత్రల పద్ధతిలో గింజ పొట్టే జల్లెడ పని చేస్తుంది కాబట్టి అది నలగకూడదు. మనకి జల్లెడ సంచే. పొట్టు చిరిగినా నష్టం లేదు. 0.7 మిల్లీమీటర్లకి దించమనండి, ఒప్పుకోకపోతే రెండుసార్లు ఆడించమనండి. గుప్పెడు తీసి చూస్తే గోధుమ నూకా, ఇడ్లీ రవ్వా కలిపినట్టుండాలి, కొంత పిండి ఉన్నా ఫర్వాలేదు. ముట్టని గింజ ఒక్కటి కనపడినా మళ్లీ మరలోకే. ఒకసారి ఆడించిన మాల్ట్‌తో 60 శాతం దగ్గర ఆగిన రాబడి (గింజ నుంచి రావాల్సిన చక్కెరలో నిజంగా దిగిన వంతు), సందు తగ్గించాక 74, 75కి వచ్చింది. వేరే ఏ మార్పూ ఇంత తేడా చూపించలేదు.

నీళ్లు 70 డిగ్రీలకి (సెల్సియస్) రాగానే మంట ఆపి మాల్ట్ పోయాలి. గది వేడిలో ఉన్న గింజలు పడ్డాక అది 67కి దిగుతుంది. ఉప్మాలోకి రవ్వ పోసినట్టే: ఒక చేత్తో సన్నగా పోస్తూ రెండో చేత్తో కలుపుతూ ఉండాలి, లేకపోతే ఉండలు కడతాయి, ఉండ లోపలి పిండికి నీళ్లు అందవు. మొలకెత్తిన గింజలోని ఎంజైములు పిండిని చక్కెరగా మార్చడమే ఈ గంటలో జరిగేది. మొలకల రాగిపిండితో జావ కాస్తే మామూలు పిండి జావకన్నా పల్చగా రావడానికి కారణం కూడా అవే. 64 డిగ్రీల్లో నానిస్తే బీరు పొడిగా, తేలిగ్గా వస్తుంది. 69లో నానిస్తే నోటికి చిక్కదనం తగులుతుంది. 75 దాటితే ఎంజైములు త్వరగా చచ్చిపోతాయి, తర్వాత చల్లార్చినా అవి తిరిగి రావు. అందుకే మొదటిసారి రెండు డిగ్రీలు తక్కువైనా కంగారు పడొద్దు, ఎక్కువైతే మాత్రం వెంటనే చన్నీళ్లు కలపండి.

కెటిల్‌కి బిగించి ఇచ్చిన గడియారం లాంటి థర్మామీటరుని మాత్రం నమ్మొద్దు. మాది మూడు డిగ్రీలు తక్కువ చూపిస్తుంది. చేతిలో పట్టుకునే డిజిటల్ ప్రోబ్ ఒకటి కొని, మరిగే నీళ్లలోనూ ఐసునీళ్లలోనూ సరిచూసుకోండి. కెటిల్ చుట్టూ రగ్గు చుడితే వేసవిలో గంటకి ఒక డిగ్రీ పోతుంది, జనవరిలో మూడు. రగ్గు చుట్టే ముందు మంట ఆరిందో లేదో రెండుసార్లు చూడండి. సంచి అడుగున ఉండగా మళ్లీ మంట పెడితే బట్ట కరుగుతుంది. తప్పనిసరైతే అడుగున స్టీలు జాలీ స్టాండు వేసి సంచి ఎత్తి పట్టుకోవాలి.

నీళ్ల సంగతి. ఈ ప్రాంతంలో కుళాయి నీటిలో క్లోరమైన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన క్రిమిసంహారకం) కలుపుతారు, ఏటా వసంతంలో కొన్ని వారాలు మామూలు క్లోరిన్‌కి మారుస్తారు. క్లోరిన్ మరిగిస్తే పోతుంది, క్లోరమైన్ అంత తేలిగ్గా పోదు. అది మాల్ట్‌లోని పదార్థాలతో కలిస్తే బీరు డెటాల్ వాసన కొడుతుంది. 28 లీటర్లకి సగం కాంప్డెన్ మాత్ర (సల్ఫైటు మాత్ర) పొడి చేసి కలిపితే నిమిషాల్లో రెండూ పోతాయి. పైసల్లో తీరే పని ఇది, అయినా చాలామంది మరిచిపోతారు. నీళ్లు మొత్తం ఒకేసారి పోయడంవల్ల పీహెచ్ కూడా కాస్త పైనే ఉంటుంది, లేతరంగు బీరుకి మరీను. 88 శాతం లాక్టిక్ యాసిడ్ 3 మి.లీ.తో మొదలుపెట్టి 5.3, 5.4 దగ్గరికి తెచ్చుకోవాలి.

గంటయ్యాక సంచి ఎత్తాలి. తడిసిన పిప్పి ఎనిమిది కిలోల దాకా తూగుతుంది, పైగా సలసలా కారుతుంటుంది. చేత్తో పట్టుకు నిలబడటం పిచ్చిపని. దూలానికి గిలక కట్టి తాడుతో లాగి వేలాడదీయండి, కెటిల్ మీదే కారనివ్వండి. సంచిని పిండకూడదు, పిండితే వగరు దిగుతుందన్న మాట ఎక్కడైనా వినిపిస్తుంది. వగరు దిగేది పీహెచ్ 6కి చేరి, వేడి 77 దాటినప్పుడు. మందపాటి రబ్బరు గ్లవ్స్ వేసుకుని నిశ్చింతగా పిండండి, మరో లీటరు వస్తుంది.

మరుగు పట్టేటప్పుడు పాలు పొంగినట్టు పొంగుతుంది, అక్కడే ఉండాలి. మూత పెట్టొద్దు: ఉడికిన మొక్కజొన్న వాసననిచ్చే డీఎంఎస్ ఆవిరిలోనే పోవాలి. పిల్స్‌నర్ మాల్ట్ అయితే 90 నిమిషాలు, మిగతావాటికి గంట. కాస్కేడ్ హాప్స్ (బీరుకి చేదూ వాసనా ఇచ్చే పూలు) మొదట్లో 28 గ్రాములు, పావుగంట మిగిలి ఉండగా 28, దించేటప్పుడు 28. ప్రొపేన్ స్టవ్ ఆరుబయట మాత్రమే. తలుపు తీసి ఉన్నా సరే గరాజ్‌లో వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.

ఈ సెట్టులో నిరాశపరిచింది రాగి కాయిల్. శీతాకాలంలో పాతిక నిమిషాల్లో 20 డిగ్రీలకి తెస్తుంది. జూలై, ఆగస్టుల్లో కుళాయి నీళ్లే 30 డిగ్రీలుంటే అంతకన్నా కిందికి ఎలా దింపుతుంది? 50 అడుగులది కొన్నా లెక్క అంతే. 35 దాకా కాయిల్‌తో తెచ్చి, శుభ్రం చేసిన ఫర్మెంటర్‌లో (పులియబెట్టే పాత్రలో) పోసి, మూత బిగించి, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున్నే ఈస్ట్ వేయడమే దారి. ఫర్మెంటర్‌ని 19 లీటర్లకి 30 మి.లీ. స్టార్ శాన్ (క్రిమిసంహారక ద్రవం) కలిపిన నీళ్లతో తడిపి ఉంటే భయం లేదు. మిగిలిన నురగ చూసి మళ్లీ కడగొద్దు.

ఈస్ట్ వేసిన మొదటి గంటల నుంచి మూడు రోజుల దాకా ఫ్రిజ్ విలువ తెలుస్తుంది. యూఎస్-05 పొడి ఈస్ట్ 11.5 గ్రాముల ప్యాకెట్ ఒకటి ఈ బ్యాచ్‌కి చాలు. పులిసేటప్పుడు ద్రవం తనకు తానే మూడు నాలుగు డిగ్రీలు వేడెక్కుతుంది. గది 24 అంటే లోపల 28. అప్పుడు పుట్టే ఘాటు ఆల్కహాళ్లు థిన్నర్ లాంటి వాసన ఇస్తాయి, సీసాల్లో ఎన్నాళ్లు దాచినా పోవు. ఫ్రిజ్‌ని ఆన్, ఆఫ్ చేసే టెంపరేచర్ కంట్రోలర్ ప్రోబ్‌ని ఫర్మెంటర్ పక్కకి టేపుతో అంటించి, మీద స్పాంజి కప్పి, 18కి పెట్టండి. మూడు రోజుల తర్వాత 20. మంచి మాల్ట్, సరైన మర, కచ్చితమైన మ్యాష్ (గింజలు నానబెట్టడం) అన్నీ ఈ ఒక్క చోట తేడా వస్తే దండగ.

కొలతలకి ద్రవం సాంద్రత చూపించే హైడ్రోమీటర్ చాలు. వేడి వర్ట్‌లో (ఇంకా పులియని మాల్ట్ రసంలో) ముంచితే తక్కువ చూపిస్తుంది, చల్లార్చి ముంచండి. మొదట (పులవకముందు) 1.050, చివర (పులిశాక) 1.012 వస్తే 5 శాతం ఆల్కహాల్. మొదటి అంకె 1.043 దగ్గర ఆగితే మరుగుతుండగానే 350 గ్రాముల మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ పొడి కలపండి, దాదాపు 7 పాయింట్లు లేస్తుంది, అంటే 1.050కి. సీసాల్లో నింపేటప్పుడు గ్యాస్ పుట్టడానికి మొత్తానికి 115 గ్రాముల డెక్స్‌ట్రోజ్ చక్కెర. చివరి అంకె వరసగా మూడు రోజులు మారకపోతేనే నింపాలి, లేకపోతే సీసాలు పగులుతాయి.

లోపాలు ఇంకొన్ని. మొదటి అంకె 1.070 దాటే బలమైన బీర్లకి ఇది అనువు కాదు, గింజలు పెరిగేకొద్దీ రాబడి పడిపోతుంది. వర్ట్ మురికిగా కనిపిస్తుంది, అయితే అది అడుగుకి దిగిపోతుంది, గ్లాసులో తేడా తెలియదు. కడగడంతో కలిపి ఐదున్నర గంటలు పడుతుంది. కెటిల్ కుళాయి మూడు ముక్కలుగా విడేది తీసుకోండి. విడదీయలేని రకంలో లోపలి బంతి వెనక పేరుకునే జిడ్డు కనపడదు.

అమెరికాలో ఫెడరల్ చట్టం 1978లో ఇంట్లో బీరు కాచడాన్ని అనుమతించింది: ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లుంటే ఏడాదికి 200 గ్యాలన్లు, అమ్మకూడదు. ఆంధ్ర, తెలంగాణల్లో లైసెన్సు లేకుండా కాచడం ఎక్సైజ్ నేరం, కాబట్టి సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు ఈ ప్రయోగం వద్దు.

ఇప్పుడు వాడుతున్నది రెండో సంచి. మొదటిదానికి అడుగు కుట్టు పాతిక బ్యాచ్‌ల తర్వాత, గిలకకి వేలాడుతుండగానే ఊడింది. కొనేటప్పుడు పట్టీలు అంచు దగ్గర ఆగకుండా అడుగు కిందుగా చుట్టి వచ్చేలా కుట్టారో లేదో చూడండి. వాడిన రోజే తిరగేసి కడిగి నీడన ఆరేయండి, డ్రయ్యర్‌లో వేయొద్దు, వాసన సబ్బు తగలనివ్వొద్దు.